అప్‌డేట్: గిన్నెలో నురగ నిలవడం లేదన్న నా ప్రశ్న

షేవింగ్ సబ్బును గిన్నెలో ఎంత తిప్పినా నురగ రెండు నిమిషాల్లో చప్పబడిపోతోందని క్రితం నెల అడిగాను. బ్రష్ మార్చమని కొందరూ, నీళ్లు మార్చమని కొందరూ చెప్పారు. తప్పు నీళ్లదేనని తేలింది. కూకట్‌పల్లిలోని మా అపార్ట్‌మెంటులో స్నానాల గదికి వచ్చేది బోరు నీరు. అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి కరగని తెట్టుగా మారుతున్నందువల్ల, నురగకు మిగలవలసిన సబ్బంతా ఆ తెట్టుకే ఖర్చవుతోంది. వంటింటి ఫిల్టరు నీటిని గోరువెచ్చగా కాచి వాడితే, అదే సబ్బు, అదే బ్రష్‌తో నురగ గడ్డం రెండుసార్లు గీసుకునేదాకా నిలిచింది.

గిన్నె సంగతి కూడా చెప్పాలి. బేగంబజారులో కొన్న స్టీలు గిన్నె మరీ నున్నగా ఉండి బ్రష్ జారిపోయేది. ఇప్పుడు అంచు బీటవారి అమ్మ పక్కన పెట్టేసిన రాచ్చిప్ప వాడుతున్నాను (పులుసు కాచిన చిప్పలో సబ్బేమిటని ఆవిడ ఇంకా సణుగుతూనే ఉన్నారు). గరుకైన అడుగు బ్రష్‌ను పట్టి ఉంచుతుంది, రాయి వేడిని నిలుపుతుంది. బాదంగింజంత సబ్బు వేసి, పిండేసిన బ్రష్‌తో ముద్దలా అయ్యేదాకా తిప్పి, ఆపై అర చెంచా చొప్పున నీళ్లు చేరుస్తున్నాను. పెద్ద బుడగలు పోయి, గట్టి పెరుగులా నిగనిగలాడినప్పుడు ఆపుతున్నాను. మూడోసారి గీసేటప్పుడు మాత్రం నురగ ఇంకా ఆరిపోతోంది.