పెద్దసార్లకు విడిగా ఐటీ మనిషి కావాలా? అందరితో పాటు హెల్ప్‌డెస్క్‌లో టికెట్ (ఫిర్యాదు నమోదు) వేసుకుంటే చాలదా?

నాగావళి_గట్టు:
మా ప్లాంట్ ఒడిశాలో రాయగడ దగ్గర. ఏ ప్లాంట్ అని అడక్కండి. 200 దాకా కంప్యూటర్లుంటే ఐటీలో ఉన్నది ముగ్గురం. ఇప్పుడు పైనుంచి కొత్త మాట వచ్చింది. ఎండీ, ప్లాంట్ హెడ్, ఫైనాన్స్ హెడ్ లాంటి నలుగురైదుగురికి మాలో ఒకర్ని పూర్తిగా కేటాయించాలట. వాళ్లు టికెట్ వెయ్యక్కర్లేదు, ఫోన్ కొడితే చాలు.

నాకు నచ్చలేదు. కాటా దగ్గర సిస్టమ్ హ్యాంగ్ అయిందంటే బరువు చీటీ రాదు, లారీ కదలదు, చూస్తుండగానే లైను మెయిన్ రోడ్డెక్కుతుంది. ఖనిజం లారీలైతే మరీ కష్టం, వాటి ఈ-ట్రాన్సిట్ పాస్‌కి, అంటే ఖనిజం రవాణా అనుమతికి, గడువు టైము ఉంటుంది. డ్రైవర్లు తెలుగూ ఒడియా కలిపి తిడుతుంటారు. సరిగ్గా అప్పుడే పెద్దసార్ ఫోన్‌లో మెయిల్ రావట్లేదని పిలుపు. ఏది ముందు? ఎంతమంది పని ఆగింది, ఎంత తొందరగా కావాలి, ఈ రెండూ చూసి వరస పెట్టాలనేది హెల్ప్‌డెస్క్‌లో చేరిన మొదటి రోజే నేర్పే సంగతి. అందులో కుర్చీ ఎత్తు లెక్కలేదు.

పర్లాకిమిడి_పంతులు:
కుర్చీ సంగతి వదిలెయ్యండి, సంతకం సంగతి చూడండి. టెండర్ చివరి రోజు. బిడ్ పెట్టాలంటే డైరెక్టర్ గారి డీఎస్సీ టోకెన్ (డిజిటల్ సంతకం ఉండే పరికరం) కావాలి. పెన్‌డ్రైవ్‌లా ఉండేది గుచ్చారు, లైటు వెలిగింది, పోర్టల్‌లో సర్టిఫికెట్ మాత్రం కనపడదు. టోకెన్ డ్రైవర్ పోయిందా, సైనింగ్ సాఫ్ట్‌వేర్ ఆగిందా, రాత్రి బ్రౌజర్ అప్‌డేట్ అయిందా, అసలు సర్టిఫికెట్ గడువే తీరిపోయిందా? కంగారులో పిన్ పదేపదే తప్పు కొడితే టోకెనే లాక్. పోర్టల్ తన సర్వర్ గడియారం చూసుకుని మూసేస్తుంది, బతిమాలినా నిమిషం ఆగదు. ఆ టైములో ఆయన్ని కూడా లైన్లో నిలబెడతారా?

ఇంకోటి, మనం ఉన్నది విశాఖలో కాదు. వారంటీ కాగితం మీద మరుసటి పనిరోజే ఇంజినీర్ వస్తాడని ఉంటుంది. ఆ పార్టు విశాఖ నుంచో భువనేశ్వర్ నుంచో ఎప్పుడు దిగుతుందో మనందరికీ తెలిసిందే. దగ్గర్లో ఒక మనిషి, అన్నీ ఎక్కించి పెట్టిన ఒక స్పేర్ ల్యాప్‌టాప్ ఉండాల్సిందే.

బరంపురం_బ్యాచ్:
మా సార్‌కి ఇలాగే ఒక కుర్రాణ్ని పెట్టారు. ఇప్పుడు వాడు బంగళాలో టీవీకి వైఫై, మేడమ్ గారి ప్రింటర్, పాప స్కూలు పీపీటీ చూసుకుంటున్నాడు. హోదా మాత్రం ఎగ్జిక్యూటివ్ సపోర్ట్ ఇంజినీర్!

జయపురం_కుర్రోడు:
నవ్వులాటకే గాని, నా భయం వేరు. సార్ లైను దాటి ముందుకొస్తే కొంపలేం మునగవు. రూల్ దాటితేనే ముప్పు. ఓటీపీ చిరాగ్గా ఉంది తీసెయ్ అంటారు, సిస్టమ్‌లో ఏదైనా మార్చుకునే అడ్మిన్ రైట్స్ ఇచ్చెయ్ అంటారు. రోజూ ఎదురుగా నిలబడే కుర్రాడు కాదనగలడా, వాడి ఇంక్రిమెంట్ ఆయన చేతిలో ఉంటే? దొంగలకు కావాల్సింది సరిగ్గా ఆ సార్ మెయిల్ ఐడీయే. ఆస్ట్రియాలో విమాన భాగాలు చేసే ఎఫ్ఏసీసీ కంపెనీ, తన సీఈఓ పేరుతో వచ్చిన దొంగ మెయిల్ నమ్మి డబ్బు పంపేసింది. 4 కోట్ల యూరోలకు పైగా పోయాయి, 2016లో ఆ సీఈఓ ఉద్యోగమూ ఊడింది. 2024లో బయటపడ్డ అరప్ సంస్థ కేసులో హాంకాంగ్ ఉద్యోగి వీడియో కాల్‌లో సీఎఫ్ఓ (ఫైనాన్స్ హెడ్) ముఖం చూసి మరీ 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు పంపారు. ఆ ముఖం డీప్‌ఫేక్, అంటే కంప్యూటర్‌తో చేసిన నకిలీ.

సార్ ఏదో లింకు నొక్కేశారనుకోండి. సొంత మనిషైతే ఆ సంగతి బయట పెట్టడు, గుట్టుగా ఫార్మాట్ కొట్టేస్తాడు. 2022 ఏప్రిల్‌లో కేంద్ర సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశం ప్రకారం ఇలాంటివి తెలిసిన 6 గంటల్లో ఆ సంస్థకి చెప్పాలి.

పంతులుగారూ, మీ టోకెన్ పిన్ ఇంతకీ ఎవరి దగ్గరుంది? పీఏ గారి సొరుగులో చీటీ మీదేనా? 2000 నాటి ఐటీ చట్టం ప్రకారం ఆ డిజిటల్ సంతకం చేతి సంతకంతో సమానం. దాని కీ పరాయి చేతికి పోకుండా చూసుకునే పూచీ సంతకందారుదే.

పర్లాకిమిడి_పంతులు:
పిన్ విషయంలో మీతో పేచీ లేదు. కొట్టేది ఆయనే, మనవాడు పక్కన నిలబడి చూపిస్తాడంతే. కానీ దొంగల భయం ఉంది కాబట్టే విడిగా మనిషి కావాలంటాను. 2023 సెప్టెంబరులో అమెరికాలో ఎంజీఎం హోటళ్లు, క్యాసినోల మీద జరిగిన దాడి, ఉద్యోగిలా నటిస్తూ హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేయడంతోనే మొదలైందని వార్తలొచ్చాయి. ఎక్కడో ఉన్న కాల్ సెంటర్‌కి మన ఎండీ గొంతు ఏం తెలుస్తుంది?

జయపురం_కుర్రోడు:
గొంతుని కూడా నకలు చేస్తున్నారండీ. ఫోన్ పెట్టేసి, మన రికార్డులో ఉన్న నంబరుకి తిరిగి చెయ్యాలి. ఎండీ అయినా అంతే.

నాగావళి_గట్టు:
మా దగ్గర ఎవర్ని ఎంచుతారో చెబితే మీకే అర్థమవుతుంది. మాలో సర్వర్, కాటా సాఫ్ట్‌వేర్ బాగా తెలిసినవాడు గుణుపురం వైపు కుర్రాడు. తెలుగు, ఒడియా, సవర మూడూ వచ్చు, హిందీ దగ్గర తడబడతాడు. పై ఫ్లోర్‌కి అతన్ని పంపరు. హిందీ గడగడా మాట్లాడేవాడిని, ఇస్త్రీ చొక్కా నలగనివాడిని పంపుతారు. అక్కడ ఏదైనా గట్టి సమస్య వస్తే ఆ ఇస్త్రీ చొక్కా గుణుపురం కుర్రాడికే ఫోన్ చేస్తాడు. అంటే ముగ్గురిలో ఇద్దరు పోయినట్టే కదా?

పర్లాకిమిడి_పంతులు:
అలాంటప్పుడు మనిషిని కాదు, నంబరుని కేటాయించండి. పెద్దసార్లకు ఒకటే నంబరు, ఆ ఫోన్ వారానికొకరు మోస్తారు. ఫోన్ వచ్చాక మోసేవాడే టికెట్ వేసి లెక్కలో పెడతాడు. ఓటీపీకి మినహాయింపు లేదని ఎండీ చేతే సంతకం పెట్టించండి. ఇంటి పనుల ఊసే ఉండకూడదు.

బరంపురం_బ్యాచ్:
మేడమ్ ఫోన్ చేస్తే ఆ కాగితం చదివి వినిపిస్తారా పంతులుగారూ?

నాగావళి_గట్టు:
ఆ కాగితం పట్టుకునే సోమవారం మీటింగ్‌కి వెళ్తున్నా. పొద్దున 6 నుంచి 10 దాకా లారీల రద్దీ. ఆ టైములో కాటా ఆగితే నంబరు మోసేవాడు కూడా ముందు కాటాకే వెళ్లాలని అందులో కలుపుతున్నా.

పర్లాకిమిడి_పంతులు:
కలపండి. టెండర్ గడువు పొద్దున 10కే పడిన రోజు మాత్రం కాగితంలో ఆ వాక్యం నేనే కొట్టేస్తాను.