చెరువుగట్టు మీద సర్కారు తుమ్మ మనం కొట్టొచ్చా, వద్దా?

వేళచ్చేరి వాసి:
మా అపార్ట్‌మెంట్ వాళ్లం ఇరవై మందిమి రెండు ఆదివారాలు ఎండలో నిలబడి పక్క చెరువుగట్టు మీద సర్కారు తుమ్మ కొట్టేశాం, అనుమతి తీసుకునే. ఇక్కడ చెన్నైలో తమిళులు దీన్ని సీమై కరువేలం అంటారు. ఫొటోలు పెడితే ఒకాయన "కొంగల గూళ్లు చెడగొట్టారు, కట్టెలేరుకునేవాళ్ల పొట్ట కొట్టారు" అన్నారు. చాలా బాధేసింది. ఇలాంటి మొక్కలు తీసేయడానికి తమిళనాడు ప్రభుత్వమే 2022లో పాలసీ తెచ్చింది కదా, మేం చేసిన తప్పేంటి?

కడప బిడ్డ:
తమ్ముడూ, ఫొటోలు చూశాను. మోకాలెత్తున నరికి వదిలేశారు, ఆ మోడు చావదు. మా నాన్న చేనిగట్టు మీద ఏటా కొట్టేవాడు, మరుసటేడు ఒక్క కాండం ఉన్నచోట ఏడెనిమిది లేచి గుబురుగా అల్లుకునేవి, ముల్లు చెప్పు దాటి పాదంలో దిగేది. వేరు మొదట్లో, నేల లోపల మొగ్గలుంటాయి. ఆ మొగ్గల కిందదాకా తవ్వి పెకలిస్తేనే పోతుంది. ఇంకోటి, కొమ్మలు కాయలతో సహా గట్టు మీదే పడేశారు. ఆ కాయ తియ్యగా ఉంటుంది, మేకలూ ఆవులూ ఇష్టంగా తింటాయి, గింజ మాత్రం అరగకుండా పేడలో పడి ఎక్కడికక్కడ మొలుస్తుంది.

ఈ చెట్టు మా జిల్లాకి పాత చుట్టమే. జమైకా నుంచి విత్తనాలు తెప్పించి 1877లో మా కమలాపురంలో నాటారు, వంటచెరకుకి పనికొస్తుందని. ఇప్పుడు కంప లేని గట్టు లేదు.

పెరంబూరు అక్క:
కట్టెల మాట తేలిగ్గా తీసేయకండి. మా వీధిలో ఇస్త్రీ చేసే ఆయన పెట్టెలో బొగ్గు చాలావరకు ఈ చెట్టుదే. రామనాథపురం వైపు ఎన్నో కుటుంబాలు ఈ బొగ్గు కాల్చుకునే బతుకుతున్నాయి. 2017లో మద్రాసు హైకోర్టు మొదట ఈ చెట్లు తీసేయమని, కొన్ని నెలలకే ఆపమంది. అంత పెద్ద కోర్టే ఆగి ఆలోచించింది, మనం గొడ్డలి పట్టుకుని పరిగెత్తడమెందుకు? గాలిలో తేమ పీల్చేస్తుంది, ఆక్సిజన్ ఇవ్వదు అని వాట్సాప్‌లో తిరిగేది చదివి వచ్చేవాళ్లు కూడా ఉన్నారు, పచ్చటి ఆకున్న ఏ చెట్టయినా ఆక్సిజన్ ఇస్తుందండీ.

కడప బిడ్డ:
అక్కా, ఆ వాట్సాప్ మాటలు తప్పే, ఒప్పుకుంటాను. కానీ ఆ కంప కింద గడ్డి లేవదు, వేరే మొక్క ఎదగదు, నీళ్లు తగ్గిన చెరువులో మధ్యదాకా పాకిపోతుంది. అందుకే తీయాలంటాను. గూడున్న చెట్టు జోలికి పోవద్దు. పెద్ద చెట్లు కట్టెలేరుకునేవాళ్లనే అడిగి, వాళ్లకే ఇచ్చి కొట్టించండి. మీ ఇరవై మందికీ చిన్న మొక్కలు చాలు, డిసెంబరు వానలకి నేల నానాక చేత్తో లాగినా వేరుతో వస్తాయి. పది సెంట్లు పట్టుకుని మూడేళ్లు అక్కడికే వెళ్లండి. ప్రతి ఆదివారం కొత్త చెరువుకెళ్లి ఫొటోలు దిగితే మాత్రం కంపని మీరే గుబురు చేసినట్టు.

వేళచ్చేరి వాసి:
ఇందాకే వెళ్లి చూసొచ్చాను. నరికి మూడు వారాలు కాలేదు, మోడుల మీద వేలెడంత చిగుళ్లు. పెద్దగా గూళ్లు కనిపించలేదు గానీ నరికినవాటిలో ఉన్నాయో లేదో అప్పుడు మేం చూడనే లేదు, అది మా తప్పే. రాలిన కాయలు రెండు గోతాలు ఏరాను. కట్టెలకొచ్చే ఒకామెని అడిగితే, మోడులు తవ్వడానికి వాళ్లాయన వస్తాడంది, కూలీ ఇస్తామన్నాం. గడ్డపారలు ఎవరి దగ్గరున్నా చెప్పండి, ఇంకో మూడు కావాలి.