ఈ వారం సమస్య: "వినని పాటను వింటిమి వీనులార"

నిర్వాహకుడు:
అందరికీ నమస్కారం. వేసవి సంగీతోత్సవం కార్యక్రమాల పట్టిక వచ్చిన రోజు నుంచి ఇక్కడ పద్యాల కన్నా ఎవరి కచేరీ ఏ రోజు, ఏ వేదిక మీద అన్న కబుర్లే ఎక్కువ నడుస్తున్నాయి, అందుకని ఈ వారం సమస్య కూడా దాని మీదే ఇస్తున్నాను.

వినని పాటను వింటిమి వీనులార

ఇది తేటగీతి పాదం. దీన్ని చివరి పాదంగా పెట్టి మిగతా మూడు పాదాలూ మీరు పూరించాలి. కొత్తవాళ్ళ కోసం ఒక్క మాట: ప్రతి పాదంలో ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరం యతి స్థానం, అంటే అది పాదం మొదటి అక్షరంతో కలవాలి. ప్రాస నియమం లేదు, ప్రాసయతి చెల్లుతుంది. ఇచ్చిన పాదంలో "వి"కి "వీ" యతి, చూసుకోండి.

మీరు ఎవరి కచేరీ కోసం కాచుకుని కూర్చున్నారో ఆ ఎదురుచూపు పద్యంలో కనిపించాలి. విననిదాన్ని వినడం ఎలా కుదిరిందో కూడా తేలాలి. "కొత్త పాట కాబట్టి ఇంతవరకు వినలేదు, ఇప్పుడు విన్నాం" అనే దారి మాత్రం వద్దు, అది అందరికీ మొదట తట్టేదే.

రెండో తీగ:
నాది వీణ కచేరీ. మొదటి రోజు సాయంత్రం.

ఇంక పదునారు దినములే యెడము గలదు
వీణ పలికెడు సాయంత్ర వేళ దాక;
మదిని ముందుగ నా తీగె మాటలాడ
వినని పాటను వింటిమి వీనులార!

ఎందుకింత ఆత్రమంటే, వేసవిలో ఆరుబయట వీణ వినడం అరుదు. వీణ మెట్లు 24, అవన్నీ మైనం మీద కూర్చుని ఉంటాయి, ఎండ తగిలితే ఆ మైనం మెత్తబడి మెట్టు వెంట్రుకవాసి జరిగినా స్వరం పక్కకు పోతుంది. వైణికులు కచేరీకి ముందు తల వంచి ఒక్కో మెట్టు మీదా తీగను నొక్కి, చెవి దగ్గరగా పెట్టి వింటూ ఉంటారు చూడండి, నాకు కచేరీ అక్కడే మొదలైపోతుంది. ఈసారి ఎండ తగ్గాక వేళ పెట్టారు, ఆ మంచి పని ఎవరు చేశారో గానీ వాళ్ళకు దండం.

పాత శ్రోత:
బాగుందమ్మా. గణాలు, యతులు అన్నీ సరిగ్గా ఉన్నాయి. రెండు మాటలు చెప్తాను.

"ముందుగ నా తీగె" అన్నచోట మీ ఉద్దేశం "ముందుగన్ + ఆ తీగె" అని నాకు తెలుస్తోంది, కానీ చెవికి "నా తీగె" అని వినబడుతుంది. వీణ మీదే అనుకుంటాడు చదివేవాడు. ఇంకొకటి, మూడో పాదంలో "మదిని" అని ఒక్క మనసే ఉంది, నాలుగో పాదంలో "వింటిమి" అని అందరూ విన్నారు. "మదుల" అంటే గణం చెడదు, వచనం కూడా కలుస్తుంది.

మద్దెల దరువు:
నాకో అనుమానం. వీణ పలుకుతుంది సరే, పాట ఎక్కడుంది అందులో? పాట అంటే సాహిత్యం ఉండాలి కదా.

రెండో తీగ:
పాత శ్రోత గారూ, "మదుల" అని మార్చుకుంటాను, చాలా థాంక్స్. "నా తీగె" మాత్రం అలాగే ఉంచేస్తాను, మా ఇంట్లో నేను రోజూ వాయించే వీణ ఉంది, కచేరీలో విన్నది ఇంటికొచ్చి దాని మీద వెతుక్కుంటాను, కాబట్టి రెండు అర్థాలూ నాకు పనికొచ్చేవే.

దరువు గారూ, మీరు అడిగినదే నా పూరణకు ప్రాణం. వీణ మీద కీర్తన వాయించేటప్పుడు మంచి వైణికులు సాహిత్యంలోని అక్షరాన్ని బట్టి మీటు వేస్తారు, ఎక్కడ అక్షరం పడుతుందో అక్కడ మీటు, అక్షరం సాగినచోట మీటకుండా ఎడమ చేతి గమకం, అంటే తీగ మీద స్వరాన్ని ఊపడం. కీర్తన తెలిసినవాడికి మాటలు వాటంతటవే వినిపిస్తాయి. ఎవరూ నోరు విప్పలేదు, అయినా పాట విన్నాం.

నిర్వాహకుడు:
ఈ రెండో అర్థం పద్యంలో ఇంకొంచెం పైకి తేలి ఉంటే చాలా గొప్పగా ఉండేది. మీరు చెప్పాక తెలిసింది గానీ పద్యం ఒక్కటే చదివితే "మాటలాడ" అనే ముక్కలోనే అది దాక్కుని ఉంది. అయినా "ఇంక పదునారు దినములే" అని వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంటున్నట్టు ఎత్తుకున్నారు చూడండి, అది నాకు బాగా నచ్చింది.

మద్దెల దరువు:
నేను రెండో రోజు తని ఆవర్తనం (పాట ఆగి మృదంగం మాత్రమే వినిపించే భాగం) కోసం చూస్తున్నాను. గాత్రం ఎవరిదైనా సరే, నా కళ్ళు మృదంగం మీదే.

గాయకుడు పల్లవిని యాపి కనులు మూయ
తనివి తీరగ మద్దెల తాళమందు
పదము పదమును చేవ్రేళ్ళ పలుకుచుండ
వినని పాటను వింటిమి వీనులార!

తని మొదలయ్యాక పాట ఆగిపోతుంది, గాయకులు తాళం వేస్తూ కూర్చుంటారు. కానీ వాయించేది ఎంత దూరం పోయినా చివర్లో మోహరా, కొర్వై అనే ముగింపు వరుసలు వాయించి పల్లవి ఎక్కడ ఎత్తుకోవాలో సరిగ్గా ఆ చోటుకే తెచ్చి అప్పజెప్పాలి. అంటే లోపల పాట నడుస్తూనే ఉండాలి, వాయించేవాడికీ వినేవాడికీ. మనం వినకుండా వింటున్నది అదే.

పాత శ్రోత:
భావం చాలా బలంగా ఉంది. "తనివి"లో "తని" దాగడం బాగుంది. ఒక తప్పు: "పల్లవిని యాపి". ద్వితీయా విభక్తి "ని" ద్రుతాంతం, అంటే చివర "న్" ఉన్నది, దాని మీద అచ్చు వస్తే యడాగమం రాదు, "పల్లవిని నాపి" అవుతుంది. అలా మారిస్తే గణం చెడదు గానీ "నినా" అని చెవికి నలుగుతుంది. పాదం మళ్ళీ కట్టుకుంటే మేలు.

రెండో తీగ:
"గాయకుడు తన పల్లవిన్ గట్టిపెట్టి" అంటే? గా, గ యతి కూడా కలుస్తుంది.

మద్దెల దరువు:
వ్యాకరణం సరిపోయింది, కానీ కట్టిపెట్టడం అంటే విసుగుతో "ఇక చాలు, కట్టిపెట్టు" అన్నట్టుంటుంది, పల్లవిని అంత మాట అనబుద్ధి కావట్లేదు. పైగా "కనులు మూయ" పోతుంది, నాకు ఆ రెండు మాటలే ముఖ్యం. తని నడుస్తున్నప్పుడు గాయకులు కళ్ళు మూసుకుని, చిటికెనవేలి నుంచి వేళ్ళు ఒక్కొక్కటే తొడ మీద ఆనిస్తూ ఆదితాళం ఎనిమిది అక్షరాలూ లెక్కపెట్టుకుంటూ ఉంటారే, అది పద్యంలో ఉండాలని రాసిందే ఈ పాదం. ఇంకోలా ప్రయత్నిస్తాను.

నిర్వాహకుడు:
తొందరేం లేదు, ఆలోచించండి. రెండో పాదం చివర "తాళమందు" కాస్త పూరకంగా ఉంది, "తాళగతుల" అంటే బిగుస్తుంది. మద్దెల, మృదంగం వేరు కదా అని ఎవరైనా అంటారేమో, పద్యాల్లో మృదంగాన్ని మద్దెల అనడం ఎప్పటినుంచో ఉంది, దానికి ఆక్షేపణ లేదు.

నీలిమబ్బు:
నేను కొంచెం వేరే దారిలో వెళ్ళాను. మోహన రాగం ప్రధానంగా పాడతారని చెప్పుకుంటున్న కచేరీ ఒకటి ఉంది కదా, దాని కోసం.

మండు టెండల నడుమను మంచు వోలె
చల్లగా వచ్చు మోహన స్వరము తాకి
"అమృత మొలికెను మనకిదె యందరకు చె
విన"ని పాటను వింటిమి వీనులార!

"చెవిన + అని" = చెవినని. పదం విరిచాను.

మద్దెల దరువు:
అబ్బ! రెండుసార్లు చదివితే గానీ తట్టలేదు.

పాత శ్రోత:
విరుపు చక్కగా కుదిరింది, "వినని" అన్న మాటలోని "లేదు" అనే అర్థమే ఎగిరిపోయింది. పూర్వం అవధానాల్లో కూడా సమస్యను ఇలా విరిచి గట్టెక్కేవారు, ఇది ఒప్పుకున్న దారే. కానీ "అందరకు చెవిన" కుదరలేదు. అందరి చెవిన అనాలి. ఛందస్సు కోసం విభక్తి వంగింది. ఇలా చూడండి:

అమృత మొలికెను గద నేడు హాయి మా చె

అ, హా యతి చెల్లుతుంది, "మా చెవిన" అని విభక్తి నిలబడుతుంది.

నీలిమబ్బు:
"మా చెవిన", ఎంత తేలిగ్గా తేల్చేశారండీ! తీసేసుకున్నాను.

రెండో తీగ:
నా అభిప్రాయం కూడా చెప్పనా, ఏమీ అనుకోవద్దు. విరుపు అందంగా ఉంది గానీ ఎదురుచూపు ఏదీ? పాట విన్నారు, అమృతం పడింది, అయిపోయింది. సమస్యలో చిక్కును విప్పలేదు, పక్కనుంచి దాటారు. మోహనకు అయిదే స్వరాలు, మధ్యమం, నిషాదం లేవు, ఆ లేని రెండు స్వరాల ఖాళీయే ఆ రాగానికి అంత విశాలం తెచ్చింది. "వినని" అన్న మాటకు అక్కడే దారి ఉంది కదా, ఇంకో పద్యం రాయండి దాని మీద.

నీలిమబ్బు:
నిజమే. ఇది నాకు తట్టలేదు. రాస్తాను.

కొత్త కలం:
అందరికీ నమస్కారం, నా మొదటి పద్యం ఇది. టెన్షన్‌గానే పెడుతున్నాను. నేను శాస్త్రీయం అంతగా వినను, చివరి రోజు రాత్రి వచ్చే బ్యాండ్ కోసం చూస్తున్నాను. వాళ్ళ కొత్త పాటది అర నిమిషం ముక్క మాత్రమే బయట పెట్టారు, మిగతాది ఎవరూ వినలేదు. పోయినేడు కూడా ఇలాగే చేశారు, వాళ్ళు స్టేజి ఎక్కకముందే, ఇంకా ఎవరో వంగి గిటార్ వైరు గుచ్చుతుండగానే, జనమంతా ఆ అర నిమిషం ట్యూన్ పాడుకుంటూ, ముక్క అయిపోయినచోట ఆగకుండా ఎవరికి తోచినట్టు వాళ్ళు దాన్ని పొడిగించుకుంటూ పోయారు. నా పక్కన నిలబడిన అమ్మాయి పాడింది అసలు పాటలో రానే లేదు, కానీ అది ఇప్పటికీ నాకు గుర్తుంది.

స్టేజి ముందర నిలబడి చేతులెత్తి
బ్యాండు వచ్చెడు క్షణముకై చూచుచుంటి
జనము కూనిరాగములతో సందడించె
వినని పాటను వింటిమి వీనులార

నిర్వాహకుడు:
స్వాగతం తమ్ముడూ. ఇప్పటిదాకా వచ్చినవాటిలో చిక్కును నిజంగా విప్పిన పూరణ ఇదే అంటాను. ఎవరూ వినని పాటను జనమే పాడుకుని విన్నారు, దీనికి వివరణ అక్కర్లేదు, పద్యంలోనే ఉంది. మొదటి పాదంలో "స్టే"కు "చే" యతి, చక్కగా పడింది.

రెండో పాదంలో యతి తప్పింది, "బ్యా"కు "చూ" కలవదు. "క్షణముకై" కూడా "క్షణమునకై" అని ఉండాలి. "బ్యాండు వచ్చెడు వేళకై వాచినాము" అంటే ఎలా ఉంటుంది? బ, వ లకు యతి ఉంది. మొహం వాచిపోయి ఉన్నాం అంటాం కదా, ఆ వాచడమే. మూడో పాదంలో "సందడించె" దగ్గర వాక్యం ఆగిపోతోంది, "సందడింప" అంటే నాలుగో పాదంలోకి జారుతుంది.

కొత్త కలం:
"చూచుచుంటి"లో ఒక్కడినే ఉన్నాను, "వాచినాము"తో అందరం వచ్చేశాం! థాంక్యూ అండీ.

పాత శ్రోత:
కూనిరాగాన్ని అంత సహజంగా పాదంలో ఇమిడ్చావు బాబూ, పాతవాళ్ళకు కూడా అది అంత సులువు కాదు.

ఇక నాది. 1969లో పుట్టి 2014లో వెళ్ళిపోయిన మాండలిన్ శ్రీనివాస్ గారి వాద్యం నేను ఆయన పిల్లవాడిగా ఉన్నప్పటినుంచి విన్నాను. ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక గమకాలు పలుకుతాయని ఆయన వాయించేదాకా నేను నమ్మలేదు. 45 ఏళ్ళకే పోయారు. ఆయన దగ్గర నేర్చుకున్నవారి కచేరీ మూడో రోజు ఉంది.

చిన్న వాద్యము చేతిలో చిన్నవాడు
పరుగులెత్తించె నాడు మా ప్రాణములను;
నేడు శిష్యుని తంత్రిలో నిలిచియుండ
వినని పాటను వింటిమి వీనులార!

ఆయన ఇంకా వాయించవలసినవి, మనం వినకుండా మిగిలిపోయినవి, అవి శిష్యుడి చేతిలో వింటామేమో అని.

రెండో తీగ:
గొంతు పట్టేసిందండీ. మొదటి పాదం ఇకమీదట నాకు నోటికి వచ్చేస్తుంది.

మద్దెల దరువు:
అడగొచ్చో లేదో గానీ, కచేరీ ఇంకా జరగలేదు కదా, "నేడు" అనేసరికి అయిపోయినట్టుంది. ఎదురుచూపు పోతోంది.

పాత శ్రోత:
సరిగ్గా పట్టుకున్నావు. "వింటిమి" అనే భూతకాలం అందరినీ ఇబ్బంది పెడుతోంది ఈ వారం, జరగబోయేదాన్ని జరిగినట్టు చెప్పాలి. ఇదిగో:

రేపు శిష్యుని తంత్రిలో లేచు ననుచు

ర, ల లకు అభేదం ఉంది కాబట్టి యతికి లోటు లేదు. రేపు లేస్తాడు అనుకుంటూనే ఇవాళే వినేశాం.

నిర్వాహకుడు:
"నిలిచియుండ" కన్నా "లేచు ననుచు" ఎంతో మేలు. ఇలాగే ఉంచండి.

మద్దెల దరువు గారి మొదటి పాదం, నీలిమబ్బు గారి మోహన పద్యం రావాల్సి ఉన్నాయి. ఆదివారం రాత్రి దాకా గడువు పొడిగిస్తున్నాను.

కొత్త కలం:
ఒక ప్రశ్న అండీ, పద్యం గురించి కాదు. మాండలిన్ కచేరీకి నేనూ వద్దామనుకుంటున్నాను, ఎప్పుడూ వినలేదు. ముందుగా ఏమైనా విని రావాలా?

పాత శ్రోత:
ఏమీ వినకుండా రా బాబూ. నా పక్కన కూర్చో.