కొత్త తుపాకీ బ్యారెల్‌కి పాతకాలపు రంగు తెప్పించడం ఎలా?

ప్రశ్న:
మూతి నుంచి మందు కూరే రైఫిల్ కిట్ ఒకటి బిగిస్తున్నాను. చెక్కపని అయింది, ఆయిల్ పట్టించాక మంచి ముదురు రంగు తేలింది. దాని మీద ఎనిమిది పలకల బ్యారెల్ తళతళలాడుతూ ఎబ్బెట్టుగా ఉంది. మామూలు కార్బన్ స్టీలే. కోల్డ్ బ్లూ (వేడి చేయకుండానే స్టీల్‌ని నల్లబరిచే ద్రావణం) పూసి స్టీల్ ఊల్‌తో రుద్దితే సరిపోతుందా?

జవాబు 1:
రుద్దితే పాతగా కాదండీ, మాసినట్టు కనిపిస్తుంది. ఇలాంటి రైఫిల్‌కి నప్పేది బ్రౌనింగ్. అంటే మనమే తుప్పు పట్టించి, మనకు కావలసిన చోట ఆపడం.

బ్యారెల్‌ని అద్దంలా పాలిష్ చేయకండి, తుప్పు సరిగా పట్టదు. 220 లేదా 320 నంబరు ఎమెరీ కాగితంతో రుద్దితే చాలు. బోర్‌కి (బ్యారెల్ లోపలి రంధ్రానికి) రెండు చివర్లా చెక్క బిరడాలు బిగించి, ఆసిటోన్‌తో జిడ్డంతా తుడవండి. ఆ తర్వాత గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు, వేలిముద్ర పడ్డచోట రంగు ఎక్కదు. తుప్పు పట్టించే బ్రౌనింగ్ ద్రావణం పల్చగా, ఒకే దిశలో పూసి తేమగా ఉండేచోట వేలాడదీయండి. పైన నారింజరంగు పొడి లేచాక స్టీల్ ఊల్‌తో మెల్లగా దులిపి మళ్లీ పూయాలి. ఆ ఊల్‌కి కూడా నూనె ఉంటుంది, ముందు ఆసిటోన్‌లో కడగండి. మొదటి పూతకి మచ్చలుమచ్చలుగా కనిపిస్తే టెన్షన్ పడొద్దు. పూతలు పడేకొద్దీ నేరేడు ఛాయ కలిసిన గోధుమరంగులోకి దిగుతుంది.

అసలు పాతదనం అరుగుదలలో ఉంటుంది. ఒళ్లంతా సమానంగా రుద్దితే ఇట్టే దొరికిపోతుంది. మోసేటప్పుడు చెయ్యి పడేచోట, మూతి అంచుల్లో, పలకల కోణాల మీద మాత్రమే కాస్త రుద్ది రంగు పల్చబరచండి. మందుని అంటించే చిన్న క్యాప్ పేలే నిపుల్ (క్యాప్ తొడిగే చిన్న గొట్టం) చుట్టూ మాత్రం ద్రావణం ఇంకాస్త ఎక్కువసేపు ఉంచి గరుకు తెప్పించండి. పాత తుపాకుల్లో ముందు తినేసేది అక్కడే.

జవాబు 2:
మధ్యలో నీళ్లలో మరిగించాలని విన్నాను?

జవాబు 1:
అది నలుపు కావాలనుకునేవాళ్లకి. మరిగిస్తే ఎర్ర తుప్పు నల్లటి మాగ్నెటైట్‌గా మారుతుంది, రస్ట్ బ్లూయింగ్ అనేది అదే. గోధుమరంగు కావాలంటే మరిగించొద్దు.

జవాబు 3:
బ్లీచ్ పోస్తే గంటల్లో అయిపోతుంది కదా!

జవాబు 1:
అయిపోతుంది, బ్యారెల్ కూడా. రంగు కాదు, గుంటలు పడతాయి. పొరపాటున వెనిగర్ కలిసిందా, క్లోరిన్ వాయువు వస్తుంది. ఆ జోలికి పోవద్దు.

ప్రశ్న అడిగినవారు:
రంగు కుదిరాక తుప్పు ముదరకుండా ఎలా ఆపాలి? మా బంధువుల దగ్గర నిజంగానే పాత తుపాకీ ఉంది, దానికీ చేయొచ్చా?

జవాబు 1:
వంటసోడా కలిపిన నీళ్లతో బాగా కడిగి, వేడిగాలితో ఆరబెట్టి, వెచ్చగా ఉండగానే నూనె పట్టించండి. కొన్నాళ్లు రోజూ తుడిచి చూస్తుండండి, గుడ్డకి ఎరుపు అంటితే మళ్లీ సోడా నీళ్లు. బిరడాలు తీశాక బోర్‌లోకి కూడా నూనెగుడ్డ పంపండి. ఆ పాత తుపాకీని మాత్రం ముట్టుకోకండి. దానికున్న రంగు పోతే విలువా పోతుంది, నూనె రాసి ఉంచితే చాలు.