పరిణామమా, దైవసృష్టా? ఇంటర్ పిల్లల చర్చకి సాయం కావాలి

విశాఖలో ఇంటర్ పిల్లలకి ఈ అంశం మీద గంటసేపు చర్చ పెడుతున్నాం. ఇలాంటివి ఎక్కువగా రెండుచోట్ల దారి తప్పుతాయి. ఒకటి, తొలి జీవం ఎలా పుట్టిందన్న ప్రశ్నని పరిణామంలో కలిపేయడం. రెండోది, కోతే మనిషైందనడం. నిజానికి మనకీ చింపాంజీకీ పూర్వీకులు ఒకరే.

అందుకే పది ఆధారాలు ఏకరువు పెట్టకుండా ఒక్కదాన్నే లోతుగా చూపిస్తాం. కణాల్లో డీఎన్ఏని మోసే పోగులైన క్రోమోజోములు చింపాంజీకి 48, మనకి 46. మన రెండో క్రోమోజోము లోపల, మామూలుగా క్రోమోజోము కొసల్లో ఉండే టీటీఏజీజీజీ అనే డీఎన్ఏ అక్షరాల వరుసలు ఎదురెదురుగా అతుక్కుని ఉన్నాయి. క్రోమోజోముకి నడుములా ఒక్కటే ఉండాల్సిన సెంట్రోమియర్ కాక, పనిచేయని రెండోదాని ఆనవాలూ ఉంది. అంటే పూర్వీకుల్లో విడిగా ఉన్న రెండు క్రోమోజోములు కొసల దగ్గర అతుక్కుని మనకి ఒకటయ్యాయన్నమాట. రెండు కాగితం పట్టీల కొసలకి ఎర్ర రంగు పూసి అతికిస్తే, ఆ ఎరుపు మధ్యలోకి ఎలా వచ్చిందో చివరి బెంచీకి కూడా తెలుస్తుంది.

చిక్కల్లా ఇక్కడే. "దేవుడే అలా అతికించాడు" అంటే ఏం చెప్పాలి? అది ప్రయోగంతో తేల్చే మాట కాదు, నిజమే. కానీ ఆ ముక్క పొడిగా అనేస్తే భక్తి ఉన్న పిల్లలు నోరు విప్పరు. పరిణామాన్ని ఒప్పుకుంటూనే దేవుణ్ణి నమ్మేవాళ్లూ బోలెడుమంది ఉన్నారు కదా. తరగతిలో దీన్ని నొప్పించకుండా నడిపిన మాస్టార్లు, మేడమ్‌లు ఎవరైనా ఉంటే, ఆ సమయంలో మీరు వాడిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయండి. దశావతారాల పోలిక వస్తే ఎలా తీసుకున్నారో కూడా చెప్పండి.