అప్‌డేట్: హార్న్‌బీ డబ్లో ఇంజన్ షార్ట్ అవడానికి కారణం దొరికింది

పాత హార్న్‌బీ డబ్లో (బ్రిటిష్ మోడల్ రైళ్ల బ్రాండ్) ఇంజన్‌ని రెండు పట్టాల ట్రాక్ మీద పెట్టగానే కంట్రోలర్ (ట్రాక్‌కి కరెంటు ఇచ్చే పరికరం) ట్రిప్ అవుతోందని, అది ఏ కాలం నాటిదని అడిగాను కదా. అందరికీ థ్యాంక్స్. "బోర్లా తిప్పి అడుగు చూడండి" అన్నవారి మాటే పనిచేసింది.

అడుగున మధ్య పట్టాని తాకే స్ప్రింగ్ పలక ఉంది, అంటే మూడు పట్టాల మోడల్. 1938లో మొదలైన డబ్లోలో రెండు పట్టాల రకం 1959లో గానీ రాలేదు. దీని చక్రాలకీ ఇరుసుకీ మధ్య ఇన్సులేషన్ లేదు, అందుకే రెండు పట్టాల్నీ కలిపేసి షార్ట్ చేస్తోంది. మూడు పట్టాల ట్రాక్ వేసి, 12 వోల్టుల డీసీ ఒక వైరు మధ్య పట్టాకి, రెండోది బయటి పట్టాలకి ఇస్తే కదిలింది.

కానీ నత్తనడక, పైగా మోటారు వేడి. అయస్కాంతం బలం తగ్గిందని రిపేరర్ తేల్చారు. మళ్లీ మాగ్నెటైజ్ చేశాక సరిపోయింది. ఇంట్లో విప్పేవాళ్లు ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) తీసేటప్పుడు అయస్కాంతం ధ్రువాల మధ్య ఇనప ముక్క అడ్డం పెట్టండి, లేకపోతే ఉన్న బలమూ పోతుంది.

బ్రష్‌లు (తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు), కంట్రోలర్ మార్చాల్సిన పని పడలేదు. కాలం విషయంలో తప్పుదారి పట్టించింది ఇంజన్‌తో వచ్చిన అట్టపెట్టె. దాని మీద ట్రయాంగ్ హార్న్‌బీ అని ఉంది. ట్రయాంగ్ యజమాని లైన్స్ బ్రదర్స్ 1964లో డబ్లో తయారుచేసే మెకానో కంపెనీని కొన్నాక, 1965లో వచ్చిన పేరది. ఇంజన్ అంతకుముందు లివర్‌పూల్ బిన్స్ రోడ్ ఫ్యాక్టరీలో చేసింది. పెట్టె వేరే బండిది!