ఏటికొప్పాక లక్క పనితో ఫోను స్టాండు చేయిస్తున్నా, మీ అనుభవాలు చెప్పండి

వరాహ_ఒడ్డు
మాది యలమంచిలి వైపు. నాలుగేళ్లుగా ఇంటి నుంచే పని. మా దగ్గరి లక్క పనివాళ్లతో టేబుల్ మీదకి ఒక స్టాండు చేయిద్దామని ఉంది. ఫోను నిలబడాలి, రెండు పెన్నులు పట్టాలి, చార్జర్ వైరు జారి కింద పడకూడదు, వీడియో కాల్‌లో కనబడినా ముచ్చటగా ఉండాలి. అడిగేవి మూడు: ఫోను గాడి ఎంత వెడల్పు పెట్టాలి? లక్క రోజూ వాడకానికి ఆగుతుందా? ఎంతకైతే కొంటారు?

వైరు_బాధితుడు
గాడి సంగతి తర్వాత. కింద చిల్లు పెడుతున్నారా లేదా? నేను మోజుపడి కొన్న చెక్క స్టాండులో ఫోను నిలువుగా పెడితే చార్జర్ పిన్ను గుచ్చడానికి దారే లేదు. అడ్డంగా పెడితే ఓటీపీ చదవడానికి మెడ వాల్చాలి. రెండు వారాలు చూసి అమ్మకి ఇచ్చేశా, వంటల వీడియోలు చూసుకుంటోంది. ఆవిడ అడ్డంగానే చూస్తుంది కాబట్టి హ్యాపీ.

నైట్‌షిఫ్ట్_కోడలు
నాకు కావాల్సింది స్టాండు కాదండీ, జాగా. మా ఇంట్లో డైనింగ్ టేబులే ఆఫీసు. సాయంత్రం ఆరింటికి లాగిన్ అయ్యేసరికి అత్తయ్యగారు ఆవకాయ జాడీ తెచ్చి లాప్‌టాప్ పక్కన పెడతారు. తీస్తే ఆవిడకి కోపం, తీయకపోతే మేనేజర్‌కి కనిపిస్తుంది.

మూడోతరం_వడ్రంగి
తాత, నాన్న, నేను. నేనే 22 ఏళ్లుగా ఈ పనిలో ఉన్నా, కాబట్టి వినండి. ఏటికొప్పాకలో లక్క పనికి వాడే అంకుడు కర్ర వద్దు, పొణికి కర్ర తీసుకోండి. తేలిక, ఉలికి వెన్నలా తెగుతుంది. కొండపల్లిలో, నిర్మల్‌లో వాడేది అదే. వాళ్లేం తెలియక వాడుతున్నారా?

వరాహ_ఒడ్డు
అన్నా, నేను అడిగింది లక్క పని గురించి. 2017లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి ప్రత్యేకత అనే ముద్ర, వచ్చింది మా అంకుడు కర్ర బొమ్మలకే. ఏటికొప్పాక కళాకారుడు సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది కూడా వాటి వల్లే. 2025 రిపబ్లిక్ డేకి ఢిల్లీలో మన రాష్ట్రం శకటం కూడా ఏటికొప్పాకదే.

మూడోతరం_వడ్రంగి
శకటం మీద ఫోను చార్జింగ్ పెట్టలేదు కదా తమ్ముడూ. చెక్క గురించి మాట్లాడుతుంటే అవార్డులు చదువుతావేంటి?

రంపపు_పొట్టు
పెద్దాయనా, పొణికిని గోటితో నొక్కితే గుంట పడుతుంది. కొండపల్లిలో వేడి చేసి తేమ తీసేసి, ముక్కలు చెక్కి, చింతగింజల పొడి కలిపిన మక్కుతో అతుకుతారు. అల్మారాలో కూర్చునే దశావతారాలకి అది చాలు. రోజుకి వందసార్లు ఫోను తీసి పెట్టే గాడికి చాలదు, ఆర్నెల్లలో అంచులు అరిగిపోతాయి.

మూడోతరం_వడ్రంగి
నువ్వు ఎన్ని స్టాండ్లు చేశావు?

రంపపు_పొట్టు
ఒక్కటి. పొణికితోనే. అందుకే చెబుతున్నా.

డల్లాస్_బాబాయ్
ఇక్కడ చలికాలం హీటర్ వేస్తే గాలి ఎండిపోయి చెక్క బీటలు వారుతుంది. అక్కడి నుంచి తెచ్చిన లక్క కుంకుమ భరిణె మూత ఇప్పుడు పట్టదు. మంచి స్టాండు అయితే 40 డాలర్లు పెట్టడానికి రెడీ.

వైరు_బాధితుడు
డాలర్లలో చెప్పి మా ధర పాడు చేయకండి బాబాయ్.

శానిటైజర్_శారద
లక్క ఆగుతుందా అన్నారుగా, నా గోడు వినండి. కరోనా రోజుల్లో కనబడిన ప్రతిదాన్నీ తుడిచేదాన్ని. పసుపు, ఎరుపు చారలున్న పెన్నుల గిన్నె ఒకటి ఉండేది. దాన్నీ శానిటైజర్‌తో తుడిచా. ముందు జిగటగా అయింది, తర్వాత ఎరుపంతా గుడ్డకి వచ్చేసింది. లక్క స్పిరిట్‌లో కరుగుతుందని అప్పుడు తెలిసింది. డబ్బా మీద ఈ ముక్క రాయండి, పొడి గుడ్డతో తుడవమని.

నైట్‌షిఫ్ట్_కోడలు
అమ్మో. మరి టీ గ్లాసు పెడితే?

రంపపు_పొట్టు
లక్క ఎక్కించేదే వేడితో అండీ. లేత్ మీద గిర్రున తిరిగే కర్రకి లక్క బిళ్ల ఒత్తితే ఆ రాపిడికే కరిగి పట్టుకుంటుంది, ఆపైన మొగలాకుతో రుద్ది మెరుపు తెస్తారు. పొగలు కక్కే గ్లాసు ఆనిస్తే మచ్చ పడుతుంది. అసలు చిక్కు అది కాదు, ఎవరూ అనట్లేదు. లేత్ పని అంటే గుండ్రటి వస్తువు. ఫోను గాడి ఉన్నది పలక. పలకని లేత్ మీద ఎలా తిప్పుతారు? పైగా అంకుడు లావుగా పెరిగే చెట్టు కాదు, వెడల్పు పలక దొరకదు. అడుగు టేకుతో చేసి, పెన్నుల గిన్నె, వైరు చుట్టుకునే గుబ్బ మాత్రం లక్కతో చేయించండి.

మూడోతరం_వడ్రంగి
టేకు అన్నాడు, చూశారా. ఈ మాట నేనే అనబోతున్నా.

శానిటైజర్_శారద
మీరు పొణికి అన్నారు.

మూడోతరం_వడ్రంగి
బొమ్మలకి అన్నాను. చదవడం వస్తే చదవండి.

వైరు_బాధితుడు
మేడమ్‌ని అలా అనడం ఏం బాగోలేదు. 22 ఏళ్లలో మర్యాద నేర్పలేదా?

వరాహ_ఒడ్డు
గొడవ ఆపండి, శాంపిల్ వచ్చింది. అడుగు టేకు, గిన్నె అంకుడు. గాడి 13 మిల్లీమీటర్లు, దాని మధ్యలో పిన్ను దిగేలా చిల్లు. తమ్ముడి ఫోను చక్కగా కూర్చుంది. నాది తోలు కవరుతో దూరలేదు, 15 చేయమన్నా. ఫోను బరువుకి వెనక్కి పడిపోతుంటే గాడిని రెండు వేళ్లు ముందుకి జరిపాం, ఇప్పుడు కదలట్లేదు. వైరు చుట్టే గుబ్బకి నీలి రంగు వేశారు, పెన్నుల గిన్నె కంటే అదే అందంగా ఉంది. ధర గురించి బాబాయ్ తప్ప ఇంకెవరూ చెప్పలేదు.

డల్లాస్_బాబాయ్
ఇక్కడికి పంపడానికి ఎంతవుతుంది?

నైట్‌షిఫ్ట్_కోడలు
వరాహ గారూ, మీది వచ్చేలోపు రాత్రి ఫోనుని ఆవకాయ జాడీకి ఆనించా. ఎత్తు సరిగ్గా సరిపోయింది, మీటింగ్ అంతా కదల్లేదు. అత్తయ్యగారికి చెప్పలేదు.